మీ నాయన చూసే దారి

ఆదోని,
18 మే 2025.

అమ్మా నాగవేణీ,

మీ అమ్మ రాస్తున్నాను. నువ్వూ అల్లుడూ చిన్నదీ బాగున్నారని తలుస్తాను. నా రాత నీకు తెలిసిందే, అయిదో తరగతితో నిలిచిపోయిన రాత, గీత మీద నిలబడదు. అయినా ఫోన్ కంటే ఇదే మేలనిపించింది. ఫోన్ మోగితే నాకు పోయిన ఏడాది ఆ సాయంత్రమే గుర్తొస్తుంది. ఎత్తితే నువ్వు ఏడుస్తావు, నేను ఏడుస్తాను, చెప్పాల్సింది చెప్పకుండానే పెట్టేస్తాము. మన సందులో ఉండే మద్దయ్య యెమ్మిగనూరుకు పత్తిగింజల బస్తాలు తోలుతున్నాడు. వాడి ఆటోలో పంపిస్తున్నాను. "నన్ను పోస్టుమాన్ని చేస్తివి గదక్కా" అని నవ్వినాడు.

పత్తి రావడం ఆగిపోయింది, నేను పనికి పోయే మిల్లు మూసినారు. నేను విత్తనం శనగకాయలు ఒలిచే పనికి పోతున్నాను. మార్కెట్ యార్డులో హమాలీ పని కూడా పలచబడి మీ నాయన ఇంట్లోనే ఉంటున్నాడు.

విషయం ఏమంటే, నిన్న సాయంత్రం ఆలూరు దిక్కు మబ్బు లేచింది. మీ నాయన అరుగు మీద నుంచి లేచి కాసేపు చూసినాడు. లోపలికి పోయి అటక మీది సంచి దించినాడు. ఏ సంచో నీకు చెప్పనక్కరలేదు. తొలకరికి మన్ను కడిగినాక మద్దికెర చేలలో వజ్రాలు తేలుతాయని నీ చిన్నప్పటి నుంచి ఏటా మోసిన సంచి. పోయిన ఏడు మన మంజునాథును వెంట పెట్టుకొని పోయినప్పుడు కూడా అదే. పిడుగు వాడి మీద పడింది. సంచి మీద పడలేదు.

నాకు ఇంక మిగిలింది మీ నాయన, నువ్వు. ఆ చేలకు ఇంకొక మనిషిని ఇయ్యలేను తల్లీ. నువ్వు ఒకసారి వచ్చి చెప్పు, నీ మాట వింటాడు. దినాలనాడు నువ్వు అందరి ముందర "నా తమ్మున్ని నువ్వే సంపినావు" అన్నావు. ఆ పొద్దు పోయినదానివి మళ్లీ ఈ గడప తొక్కలేదు. ఆయన ఆ మాట ఇంతవరకూ నా దగ్గర ఎత్తలేదు. కోపం ఉన్నట్టు కూడా లేదు.

కాయల పనికి పిలుస్తున్నారు.

మీ అమ్మ ఉచ్చీరమ్మ.


యెమ్మిగనూరు,
22 మే.

అమ్మకు,

నీ ఉత్తరం మద్దయ్య మామ జేబులో చెమటకు తడిసి అందింది. అయినా అన్ని అక్షరాలూ చదివాను. అందరం బాగానే ఉన్నాం. చిన్నదానికి పళ్లు ఊడుతున్నాయి, ఊడిన పన్నల్లా నాకు తెచ్చి ఇస్తోంది.

నేను రాను అమ్మా. నాయన ఆ సంచి పారేసిన రోజు వస్తాను.

నిన్ను నొప్పించాలని కాదు. ఈమధ్య మా అంగన్‌వాడీ టీచర్లకు శిక్షణ పెట్టారు. వచ్చిన మేడం ఒక సంగతి చెప్పింది. పిల్ల మిఠాయి కోసం ఏడుస్తుంది. ఏడ్చినప్పుడల్లా ఇచ్చే ఇంట్లో ఒకనాడు ఇవ్వడం మానేస్తే, ఇక రాదని పిల్ల తొందరగానే తెలుసుకుంటుందట. అసలెన్నడూ ఇవ్వని ఇంట్లో ఏడవనే ఏడవదట. ఒకసారి ఇచ్చి, రెండుసార్లు ఇవ్వక, మళ్లీ ఎప్పుడో ఇచ్చే ఇల్లు ఉంటుంది చూడు, అక్కడి పిల్ల ఏడుపు ఆపడం ఎవరి తరమూ కాదట. ఈసారి కాకపోతే వచ్చేసారి అనుకుంటుందట. పావురాల మీద కూడా చూశారు. ముక్కుతో పొడిస్తే గింజ పడే పెట్టెలో పెట్టి, ఎప్పుడు పడుతుందో తెలియకుండా చేస్తే, గింజ రాకపోయినా పొడుస్తూనే ఉన్నాయట.

అందరూ పిల్లల గురించి వింటున్నారు, నేను నాయన గురించి విన్నాను. నా పెళ్లికి ముందు పెసరగింజంత రాయి దొరికింది. తర్వాత ఏళ్లకేళ్లు ఏమీ లేదు. మళ్లీ ఇంకొకటి, అంతకన్నా చిన్నది. ఆ రెండూ దొరకకపోయి ఉంటే ఆయన ఎప్పుడో మానేసేవాడు. మంజు ఉండేవాడు.

అందుకని చెబుతున్నా. ఏడవద్దు, బతిమాలవద్దు, రొట్టెలు కట్టి పంపవద్దు. ఆ చేలకు పోయినందుకు మన చేతి నుంచి ఏమీ అందకూడదు. మానే ముందు ఏడుపు ఇంకా పెరుగుతుందట, అప్పుడే ఓర్చుకోవాలని మేడం చెప్పింది. నువ్వు ఓర్చుకో.

నాగవేణి.


ఆదోని,
3 జూన్.

తల్లీ నాగవేణీ,

నీ ఉత్తరం రెండుసార్లు చదవాల్సి వచ్చింది. మొదట నేను చదివినాను, పావురాల దగ్గర తప్పిపోయి మద్దయ్య కూతురితో చదివించినాను. మీ నాయన విననే విన్నాడు. "నన్ను పావురాన్ని జేసినాదేమే నా బిడ్డ. అయితే గింజలెయ్యమను" అన్నాడు. సంచిని మాత్రం వదలలేదు.

నువ్వు చెప్పినట్టే చేసినాను. మబ్బు దిగి వాన పడిన మరుసటి పొద్దున పోతానంటే మాట్లాడలేదు. రొట్టె కట్టలేదు. పొయ్యి ముందర కూర్చొని గోడ చూసినాను. ఆయన కాసేపు నిలబడినాడు. చెంబెడు నీళ్లు తాగి పోయినాడు. ఆలూరు స్టాండులో ఉగ్గాని తిని ఆటో ఎక్కినాడని ఎవరో చెప్పినారు. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు ముద్ద దిగుతున్నది లేదు. కట్టుకున్నవానికి రొట్టె పెట్టకుండా పంపితే మాట వింటాడని చెప్పిన ఆ మేడం, సంసారం చేసిన మనిషేనా?

నువ్వు ఆయనను చంటిపిల్లతో సమానం చేసి రాసినావని కూడా బాధ కలిగింది. పోనీలే.

ఇక్కడ ఉరుము వినబడితే తలుపు గడియ పట్టుకొని నిలబడతాను. ఎందుకో తెలియదు. అది వదిలితే ఏమో అవుతుందని. పోయిన ఏడు ఉరిమినప్పుడు నేను మిరపకాయలు ఎండలో నుంచి ఎత్తుకుంటున్నాను తల్లీ. నా మీద చినుకు పడకుండా చూసుకున్నాను.

ఒక్కసారి నువ్వు పోయి తోలుకొని రా. ఇంటికి రావద్దులే. చేనుకే పో.

మీ అమ్మ.


యెమ్మిగనూరు,
9 జూన్.

అమ్మా,

పోయి వచ్చాను. మీ అల్లుడు పక్కింటి గోవిందన్న బండి అడిగి, దాని మీద తీసుకుపోయాడు.

దూరం నుంచి చూస్తే నాట్లు వేస్తున్నారేమో అనిపిస్తుంది, అంతమంది నడుం వంచి ఉన్నారు. చెట్టుకొక ప్లాస్టిక్ పట్టా కట్టుకున్నారు. పొద్దు వాలే దిక్కుకు మొహం పెట్టి నడిస్తే రాయి మెరుస్తుందని అందరూ ఒకే దిక్కుకు పోతున్నారు. ఎవరూ ఎవరితోనూ మాట్లాడరు. నాయన గట్టు మీద కూర్చొని ఉన్నాడు. నన్ను చూసి లేవబోయి, లేవలేక, మళ్లీ కూర్చొని, "యాడి నుంచి వస్తివి పాపా, ఎండలో" అన్నాడు. నేను ఏడాదిగా దాచుకున్న మాటలన్నీ యాడికో పోయాయి. జొన్నరొట్టె, పప్పు, ఉల్లిగడ్డ కారం తీసుకుపోయాను. ముగ్గురం తిన్నాం. ఆయన గడ్డమంతా నెరిసిపోయింది, నువ్వు ఎందుకు రాయలేదు?

మంజు మాట ఎవరమూ ఎత్తలేదు. చిన్నదాని పళ్ల గురించి అడిగాడు. నవ్వాడు కూడా. పోదాం పదమంటే మారు మాట్లాడకుండా సంచి సర్దుకున్నాడు. ఆదోని బస్సు ఎక్కించాము. కిటికీ లోంచి మేము కనబడినంతసేపూ చూశాడు.

ఇంత సులువని తెలిస్తే మొదట్లోనే పోయేదాన్ని. నువ్వు అనవసరంగా భయపెట్టావు. ఇంక పోడు.

నాగవేణి.


ఆదోని,
19 జూన్.

అమ్మా నాగవేణీ,

ఆయన వచ్చినాడు. పది పూటలు బాగా తిన్నాడు. యార్డుకు పోయి ఎవరి లారీనో దించి వచ్చినాడు. చొక్కా నేను అడగకుండానే ఉతకడానికి వేసినాడు. నాకు ప్రాణం లేచి వచ్చింది.

సాయంత్రాలు మాత్రం అరుగు మీద కూర్చుంటాడు. సందులోకి ఏ ఆటో తిరిగినా తల ఎత్తుతాడు. మద్దయ్య ఆటో అయితే లేచి నిలబడతాడు. నీ దగ్గర నుంచి ఏమన్నా వచ్చిందా అని నన్ను అడిగినాడు. లేదన్నాను. బస్సు ఎక్కించినట్టు రాసిన ఉత్తరం తర్వాత నువ్వు మళ్లీ రాయలేదు కదా, అంతా సరిపోయిందని ఊరకున్నావు, నేనూ ఊరకున్నాను. మంచి జరిగినప్పుడు మనకు రాసుకోవడానికి ఏమీ ఉండదేమో.

మొన్న రాత్రి వాన. పొద్దున లేచి చూస్తే మనిషి లేడు, సంచి లేదు. ఈసారి నాకు చెప్పను కూడా చెప్పలేదు.

నువ్వు బస్సు ఎక్కించేటప్పుడు ఆయనను ఏమన్నా అన్నావా? మళ్లీ ఆ దినాలనాటి మాట అన్నావా? అనకపోతే ఎందుకు పోతాడు? ఈ పొద్దు మళ్లీ ఉరుముతోంది. ఇంకొకసారి పోయి రా తల్లీ.

మీ అమ్మ.


యెమ్మిగనూరు,
29 జూన్.

అమ్మా,

నేను ఒక్క మాట కూడా అనలేదు. నువ్వు నన్నే అనుమానిస్తే ఎట్లా? నీ ఉత్తరం చూసి కోపం వచ్చింది, పోలేదు. చిన్నదానికి జ్వరం కూడా. మద్దయ్య మామతో మళ్లీ కబురు పెట్టావు, అప్పుడూ పోలేదు. మేడం చెప్పినట్టు గట్టిగా ఉందామనుకున్నాను.

ఆఖరికి మంజు ఏడాది దినం వచ్చింది. నువ్వు ఒక్కదానివే వాణ్ణి పూడ్చిన బొంద దగ్గర టెంకాయ కొట్టి వచ్చావని విన్నాను. వాడి ఏడాది దినం నాడు కూడా ఈయన చేలోనే ఉన్నాడని తెలిసి, ఉండబట్టలేక చేనుకు పోయాను.

పట్టా కింద ఉన్నాడు, వాన కురుస్తోంది. పక్కన మద్దికెర మనిషి ఒకాయన, ఏటా వస్తాడట. నన్ను చూసి నాయనతో, "నీ రాయి వచ్చె గదప్పా ఉరుకుందప్పా, ఇంగ లెయ్" అన్నాడు. నాయన సిగ్గుపడ్డట్టు నవ్వాడు. తర్వాత ఆ మనిషి నాతో ఒక మాట చెప్పాడు. "మీ నాయన నేల మీద సూసింది లేదమ్మా. దినామూ ఆ దారి దిక్కే సూస్తాంటాడు." రాళ్లు కొనే వ్యాపారి కోసం చూస్తున్నాడు కాబోలు. రాయి దొరకక ముందే కొనేవాడి కోసం చూసే స్థితికి వచ్చాడు మన నాయన. ఇంతకన్నా ఏం చెప్పను.

ఈసారీ పిలిస్తే లేచి వచ్చాడు. బస్సు ఎక్కించాను. కానీ ఇదే ఆఖరు అమ్మా. నాకు ఓపిక లేదు. ఉద్యోగం, ఇల్లు, చిన్నది, మధ్యలో ఈ చేలు. నేను ఇంక పోను.

నాగవేణి.


ఆదోని,
7 జూలై.

తల్లీ,

నీ ఉత్తరం చదివినాను. ఆ మద్దికెర మనిషి మాట దగ్గర ఆగిపోయినాను. వ్యాపారులు ఆ దారిన రారు నాగవేణీ. వాళ్లు ఊర్లోనే కూర్చుంటారు, దొరికినవాళ్లే వాళ్ల దగ్గరకు పోతారు. నీ పెళ్లికి ముందు ఆ రాయి అమ్మడానికి నేనూ వెంట పోయినాను, నాకు తెలుసు. ఆ దారి రోడ్డు నుంచి వచ్చే దారి. యెమ్మిగనూరు నుంచి వచ్చేవాళ్లు దిగేది అక్కడ.

మీ నాయన అన్నం తింటున్నాడు. గిన్నె దగ్గర పెట్టి అడిగినాను, నిజంగా రాయి కోసమేనా పోయేదని. అన్నం తట్టలో వేలు పెట్టి గీసుకుంటూ చెప్పినాడు.

"రాయి ఎవనికి గావాలమే. ఇంట్లో ఉంటే పాప వస్తాదా? ఏడాది కూసుంటి, వచ్చెనా? ఆడుంటే వస్తాది. ఒగతూరి రాదు, ఒగతూరి వస్తాది. ఈ పొద్దు రాకుంటే రేపొస్తాదేమో అని ఉంటా."

అంతే అన్నాడు. చెయ్యి కడుక్కొని పోయి అరుగు మీద కూర్చున్నాడు.

ఆయన తిక్కగా ఏమీ చేయలేదు తల్లీ. మనమే నేర్పినాము. ఇంట్లో కుదురుగా ఉన్నన్నాళ్లూ ఎవరమూ ఆయన దిక్కు చూడలేదు. సంచి ఎత్తుకున్నాడో, నేను కాగితం అందుకుంటాను, నువ్వు రొట్టెలు కాలుస్తావు. నువ్వు ఒకసారి పోకుండా, ఇంకోసారి పోకుండా, తర్వాత పోతివి. నీ మేడం చెప్పిన ఇల్లు మనదే. రొట్టె కట్టకపోతే మానుతాడనుకున్నాము. ఆయన ఆకలి దేనికో మనకు తెలియలేదు.

నువ్వు ఇంక చేనుకు పోవద్దు. నేను ఏడ్చి రాసినా పోవద్దు. ఇంటికి రా. ఆయన ఇంట్లో ఉన్నప్పుడు రా. ఇప్పుడు ఉన్నాడు.

మీ అమ్మ.


యెమ్మిగనూరు,
16 జూలై.

అమ్మా,

ఏం రాయాలో తెలియక ఇన్ని రోజులు పట్టింది. మీ అల్లుడికి చదివి వినిపించాను, లేచి బయటికి పోయాడు.

నాకు రావాలనే ఉంది. కానీ ఆ ఇంట్లోకి రాలేను. చేలో అయితే ఎవరి ఇల్లూ కాదు, గట్టు మీద కూర్చోవచ్చు, రొట్టె తినవచ్చు. ఇంట్లో మంజు చొక్కా కొక్కేనికే ఉందని మద్దయ్య మామ చెప్పాడు. నేను ఆ మాట అన్నది ఆ గుమ్మంలోనే. నాయన తల వంచుకున్నది ఆ గుమ్మంలోనే. నా కాళ్లు బస్టాండు దాకా వచ్చి రెండుసార్లు తిరిగిపోయాయి, నీకు చెప్పలేదు.

కొంచెం టైము ఇవ్వు.

నాగవేణి.


ఆదోని,
6 ఆగస్టు.

అమ్మా నాగవేణీ,

నీకు టైము ఇచ్చినాను. ఆ టైములో ఇక్కడ ఏమయిందో రాస్తున్నాను. అయిపోయింది కాబట్టి రాస్తున్నాను, భయపడవద్దు.

పోయిన నెల ఆఖరులో వానకు ఆయన మళ్లీ పోయినాడు. ఈసారి నేను రొట్టెలు కట్టినాను. ఆకలితో పంపడం నా వల్ల కాదు. కానీ నీకు కబురు పెట్టలేదు. మద్దయ్య వచ్చి, "ఏమక్కా, చీటీ ఏమీ లేదా" అంటే లేదన్నాను. ఆ పగలంతా ఉరిమింది. మరునాడూ ఉరిమింది. కాగితం ముందర పెట్టుకొని, పెన్ను దూరంగా పెట్టుకొని కూర్చున్నాను. ఒక అమ్మను, ఒక పెళ్లాన్ని, పిడుగులు పడే చేలో మనిషిని పెట్టుకొని ఎవరినీ పంపకుండా ఉన్నాను. మానే ముందు పెరుగుతుందని నువ్వు రాసినావు. అంతకు ముందెన్నడూ ఉండనన్ని దినాలు ఉన్నాడు. ఆయనకు ఏమన్నా అయి ఉంటే నన్ను నువ్వు ఏమనేదానివో అని కూడా అనుకున్నాను. అన్నా పడేదాన్ని.

ఆయనంతట ఆయనే వచ్చినాడు. ఎవరూ తోలుకొని రాలేదు. తడిసిన సంచి గుమ్మంలో పెట్టి, ఎవరన్నా వచ్చినారా అని అడిగినాడు. లేదన్నాను. తల తుడుచుకొని పండుకున్నాడు. చిక్కిపోయినాడు తల్లీ. చూస్తే నీకు కోపం రాదు.

ఇప్పుడు అరుగు మీద ఉన్నాడు. యార్డుకు పోతున్నాడు, వస్తున్నాడు. ఇదే సమయం.

నువ్వు ఇంట్లోకి రావద్దు. అరుగు మీద కూర్చో, నేను మంచినీళ్లు బయటికే తెస్తాను. చొక్కా తియ్యను, అది నా ఓపిక అయినప్పుడు తీస్తాను. నీ వీపు దాని దిక్కు పెట్టుకొని కూర్చో. గుమ్మంలో అన్న మాటను గుమ్మంలోనే ఉండనీ.

ఒకటే అడుగుతున్నాను. ఎప్పుడో ఒకసారి వద్దామని రావద్దు. ఎక్కువ రావద్దు, పూట ఉండవద్దు. ఒక దినం చెప్పు. ఆదివారం నీకూ సెలవే, యార్డుకూ సెలవే. ఆదివారం వస్తానని చెప్పి, ఆదివారం రా. ఒక గంట కూర్చొని పో. వస్తావో రావో తెలియకుంటే మనిషి అన్ని దినాలూ దారి చూస్తాడు. ఫలానా దినం వస్తావని తెలిస్తే మిగిలిన దినాలు ఆయన పని ఆయన చేసుకుంటాడు. నాకూ అంతే.

మంజు సంగతి చెబుతాను. వాడు రాడు. ఒక్కసారి కూడా రాడు. మొదట్లో సైకిలు బెల్లు వినబడితే తలుపు దగ్గరకు పోయేదాన్ని. ఇప్పుడు పోవడం తగ్గింది. తగ్గిందని తెలిసిన పొద్దు ఇంకా ఏడ్చినాను, కానీ తగ్గింది. వాడి దారి ఎప్పటికైనా నా కళ్లు వదిలేస్తాయి. నువ్వు బతికి ఉన్నావు, ముప్పై కిలోమీటర్ల దూరంలో ఉన్నావు, వస్తే రావచ్చు. నీ దారి నేను చచ్చినా వదలను. అదే కష్టంగా ఉంది నాగవేణీ.

మీ అమ్మ ఉచ్చీరమ్మ.


యెమ్మిగనూరు,
8 ఆగస్టు.

అమ్మా,

ఆదివారం వస్తున్నాను. పొద్దున బస్సుకు. నాయనకు చెప్పు.

నాగవేణి.


ఆదోని,
6 సెప్టెంబరు, శనివారం.

తల్లీ నాగవేణీ,

రేపు నువ్వు రానే వస్తావు, మళ్లీ ఈ ఉత్తరమేమి అనుకుంటావు. మీ నాయన ముందర నోటితో చెప్పలేను, మద్దయ్య ఇప్పుడే బయలుదేరుతున్నాడు, అందుకని రాస్తున్నాను.

ఇన్ని వారాలుగా నువ్వు తప్పలేదు. చిన్నదానికి వాంతులయిన ఆదివారం నీ బదులు అల్లుణ్ణి పంపినావు. మామా అల్లుళ్లు అరుగు మీద కూర్చొని ఏమీ మాట్లాడుకోకుండా శనగకాయలు తిని లేచినారు. అయినా ఆయనకు అది చాలింది. మొదటి ఆదివారం నువ్వు వచ్చినప్పుడు ఆయన లోపలికి పోయి దాక్కున్నంత పని చేసినాడు, గుర్తుందా. పోయిన వారం నువ్వు వచ్చే పొద్దుకు గడ్డం గీయించుకున్నాడు.

నిన్న రాత్రి పెద్ద వాన కురిసింది. ఈ ఏటికి చివరి మంచి వాన అంటున్నారు. పొద్దున్నే సందులో ఆటోలు నిలబడినాయి, మద్దికెరకు. నేను పొయ్యి దగ్గరే ఉన్నాను. లేచి చూడలేదు. అటక దిక్కు కూడా చూడలేదు. చెయ్యి మాత్రం పిండిలో ఆగిపోయింది. ఎవరో పిలిచినారు, "రా ఉరుకుందప్పా, జాగా పెట్టినాం, నేల బాగా కడిగినాది" అని.

ఆయన గుమ్మం దాకా పోయినాడు. కొంచెంసేపు నిలబడినాడు. అది నాకు చాలా ఎక్కువసేపు.

"మీరు పోయి రాండప్పా" అన్నాడు. "రేపు ఆదివారం గదా. పాప వస్తాది."

ఆటో సందు తిరిగేదాకా చూసినాడు. వచ్చే వానకు ఏమంటాడో నాకు తెలియదు, ఇప్పుడే సంతోషపడేంత ఓపిక కూడా లేదు. లోపలికి వచ్చి పీట లాక్కొని నా పక్కన కూర్చున్నాడు. రేపటికి ఏం కూర అని అడిగినాడు.

మీ అమ్మ.